ఫోన్‌లో గొంతు ఎందుకు మారుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఎక్కువ భాగం ఫోన్ మాట గురించే. వినపడట్లేదని, తెగిపోతోందని, గొంతు గుర్తుపట్టలేకపోతున్నామని. టెలిఫోన్ శాఖలో నా ఉద్యోగమంతా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే గడిచింది కాబట్టి ఎడిటర్ గారు కట్ట మొత్తం తెచ్చి నా ముందు పెట్టారు. ఏ కంపెనీ సిమ్ కొనాలి అని అడిగినవాళ్లకు మాత్రం జవాబు ఇవ్వడం లేదు. ఆ గొడవ నాకొద్దు.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అబ్బాయి పుణెలో పని చేస్తాడు. రాత్రి ఫోన్ చేస్తే ఇంట్లో వాడి గొంతు రోబో మాట్లాడినట్టు వస్తుంది. మిద్దె ఎక్కితే బాగుంటుంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాత్రం రెండు చోట్లా సగానికి పైనే ఉంటాయి. ఫోన్ మార్చమంటారా సార్? (ఒక అంగన్‌వాడీ టీచర్)

జవాబు: ఫోన్ మార్చకండమ్మా. మిద్దె మీద బాగుంది, ఇంట్లో బాగాలేదు అన్నారు చూడండి, ఆ మాటతోనే సగం తేలిపోయింది. తప్పు పుణె వైపు ఉంటే మీరు మిద్దె ఎక్కినా దిగినా ఒకేలా వినపడేది. మీ ఫోన్ స్పీకర్ పాడైనా అంతే. కాబట్టి టవర్ నుంచి మీ ఇంట్లోకి వచ్చే ఆ చివరి దారిలోనే ఉంది తిరకాసు.

అదేమిటో తెలియాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మీకు వినపడేది అచ్చంగా మీ అబ్బాయి గొంతు కాదు. వాడి ఫోన్ వాడి మాటను సెకనుకు 50 ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు. ఆ ముక్కలో గొంతు ఎంత వేగంగా అదురుతోంది, నోరు, నాలుక, పెదవులు ఏ ఆకారంలో ఉన్నాయి, ఎంత గట్టిగా పలికాడు అని లెక్కగట్టి, ఆ అంకెలను పంపుతుంది. మీ ఫోన్ ఆ అంకెలు చూసి అలాంటి గొంతును అప్పటికప్పుడు తయారు చేసి వినిపిస్తుంది. ఈ లెక్కల విధానాన్ని స్పీచ్ కోడెక్ అంటారు. నేను పని చేసిన డిజిటల్ ఎక్స్ఛేంజీల్లో ఒక గొంతుకు సెకనుకు 64 వేల బిట్లు, అంటే సున్నాలు, ఒకట్లు, ఇచ్చేవాళ్లం. సెల్‌ఫోన్‌లో హెచ్‌డీ కాని మామూలు కాల్‌కు, సిగ్నల్ ఎంత బాగున్నా, 12,200 బిట్లే. గాలిలో జాగా అంత ఖరీదు మరి.

ఇక అసలు ముచ్చట. 2జీ ఫోన్‌తోనే చెబుతాను, ఎందుకంటే కథ అక్కడే మొదలైంది, లెక్క కూడా శుభ్రంగా కుదురుతుంది. 2జీలో ఒక కాల్‌కు ప్రతి 20 మిల్లీసెకన్లకు 456 బిట్లు పట్టే జాగా ఇస్తారు. దాన్ని మన నల్లగొండ బత్తాయిల పెట్టె అనుకోండి. పెట్టె సైజు మారదు. రోడ్డు బాగుంటే కాయలు ఎక్కువ పెట్టి గడ్డి కొంచెం వేస్తారు. గుంతల రోడ్డైతే కాయలు తగ్గించి, గడ్డి దట్టంగా కూరుతారు. ఇక్కడ కాయలు అంటే గొంతు వివరాలు. గడ్డి అంటే దారిలో చెడిన బిట్లను అటువైపు సరిచేసుకోవడానికి కలిపే రక్షణ బిట్లు.

మొదట్లో వచ్చిన 2జీ ఫోన్లకు ఈ తెలివి లేదు. రోడ్డు ఎలా ఉన్నా ఒకటే సర్దుడు: 260 బిట్లు గొంతుకు, 196 రక్షణకు. టవర్ పక్కన నిలబడినవాడికి అంత రక్షణ దండగ. ఊరి చివర ఉన్నవాడికి అది చాలదు. 1999లో 3జీపీపీ అనే ప్రమాణాల సంస్థ అడాప్టివ్ మల్టీ రేట్, పొట్టిగా ఏఎంఆర్, అనే కోడెక్‌ను ఆమోదించింది. దీనికి ఎనిమిది రేట్లు ఉన్నాయి. సెకనుకు 12.2, 10.2, 7.95, 7.4, 6.7, 5.9, 5.15, 4.75 కిలోబిట్లు (వెయ్యి బిట్లు ఒక కిలోబిట్). పై రేటులో 456లో 244 బిట్లు గొంతుకు పోతాయి, 212 రక్షణకు మిగులుతాయి. కింది రేటులో గొంతుకు 95 మాత్రమే, మిగతా 361 రక్షణకే. సిగ్నల్ చెడేకొద్దీ కోడెక్ గొంతు అందాన్ని వదులుకుని మాట చేరేలా చూసుకుంటుంది. కాల్ నడుస్తుండగానే, మీకు చెప్పకుండానే.

నా మటుకు నాకు ఇది చాలా సరైన నిర్ణయం అనిపిస్తుంది. ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినవాడి గొంతు తీయగా ఉండాలా, మాట అర్థం కావాలా? ఇంకో తెలివి కూడా చూడండి. గొంతుకు ఇచ్చిన బిట్లన్నీ సమానం కావు. నోటి ఆకారం, గట్టితనం చెప్పే బిట్లు చెడితే మాటే మారిపోతుంది. అందుకని రక్షణ ముందు వాటికే. చెడినా పెద్దగా తేడా తెలియని బిట్లకు రక్షణ తక్కువ.

మీరు చెప్పిన గీతల సంగతికి వస్తాను. ఆ గీతలు సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతాయి, ఎంత శుభ్రంగా ఉందో చెప్పవు. ఇంట్లో స్లాబు, గోడలు తగిలి ఒకే సిగ్నల్ నాలుగు దారుల్లో వచ్చి తనను తానే చెడగొట్టుకుంటుంది. దూరంగా ఉన్న ఇంకో టవర్ కూడా అదే ఫ్రీక్వెన్సీలో పలుకుతుంటే అదీ కలుస్తుంది. గీతలు నిండుగానే ఉంటాయి, బిట్లు మాత్రం చెడిపోతుంటాయి. నా దృష్టిలో ఆ గీతలు వినియోగదారుడి మనశ్శాంతి కోసం గీసిన ముగ్గు.

రోబో గొంతు మాత్రం రేటు తగ్గడం వల్ల రాదు. జనం "క్లారిటీ లేదు" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు జబ్బులను కలిపేస్తారు. రేటు తగ్గితే గొంతు మొద్దుబారుతుంది, కొంచెం గరగరలాడుతుంది, కానీ మాట మాటలాగే నడుస్తుంది. ముక్కలు అసలు చేరకపోతేనే రోబో పలుకుతుంది. చేరని ముక్క స్థానంలో మీ ఫోన్ అంతకుముందు వచ్చిన ముక్కనే మళ్లీ వాడుతుంది. వరుసగా పోతుంటే అదే ముక్కను గట్టితనం తగ్గిస్తూ సాగదీస్తుంది. "అమ్మా" అన్న మాటలో "ఆ" అంతా ఒకే స్వరంలో, ఎగుడుదిగుడు లేకుండా మోగుతుంది. మనిషి గొంతు అలా ఉండదు కదా, అందుకే యంత్రం మాట్లాడినట్టు అనిపిస్తుంది. 4జీ వోల్టే కాల్‌లో అయితే గొంతు ప్యాకెట్లుగా వస్తుంది. అక్కడ రేడియో తన సర్దుబాటు తాను వేరే చేసుకుంటుంది. ప్యాకెట్ దారిలో పోయినా, టైంకు రాకపోయినా ఒకటే. ఎదురుచూస్తే మాట వెనకబడుతుంది కాబట్టి ఆలస్యంగా వచ్చినదాన్ని పడేసి పాతదాన్ని సాగదీయాల్సిందే.

మీ ఇంట్లో జరుగుతున్నది ఈ రెండోదే. టవర్ ఉన్న వైపు కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడి చూడండి. గదిలో రెండడుగులు జరిగినా తేడా వస్తుంది, ఇది గాలి మాట కాదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. అప్పుడు మిద్దె ఎక్కే పని ఉండదు.

ప్రశ్న: శ్రీశైలం రూటులో బండి తిప్పుతాను సార్. మన్ననూరు దాటి అడవిలోకి పోతుంటే ఫోన్ మొదట మొద్దుబారుతుంది, కాసేపు అట్లనే నడుస్తుంది, తర్వాత ఏమీ వినపడదు, చివరికి కట్. ఎక్కువసార్లు నాకు వాళ్ల మాట వినపడుతుంటది, నా మాటే వాళ్లకు పోదు. ఈ తగ్గించేది ఎవరు? (ట్రావెల్స్ డ్రైవర్, అచ్చంపేట)

జవాబు: స్టీరింగ్ పట్టుకుని మాట్లాడుతున్నారా అని అడగను. పక్క సీట్లో ఉన్నాయన మాట్లాడాడనే అనుకుంటాను.

తగ్గించేది ఒకరు కాదు. మీ వైపు వచ్చే మాటకు మీ ఫోన్ కొలుస్తుంది. ఎన్ని బిట్లు చెడి వస్తున్నాయో చూసి, "రేటు తగ్గించు" అని టవర్‌ను అడుగుతుంది. మీ నుంచి పోయే మాటకు టవర్ వైపు కొలిచి, మీ ఫోన్‌కు హుకుం ఇస్తుంది. ఫోన్ అడగగలదు, నెట్‌వర్క్ ఆజ్ఞాపించగలదు; అదీ వాళ్ల మధ్య మర్యాద. ఈ అడగడాలు, హుకుములు ఎక్కడో వేరే దారిలో పోవు, మాట ముక్కలతోపాటే కొన్ని బిట్లుగా ప్రయాణం చేస్తాయి. 2జీలో ఒక కాల్‌కు ఎనిమిది రేట్లూ ఇవ్వరు, మహా అయితే నాలుగు ఎంచి పెడతారు. ఆ నాలుగింటిలో 40 మిల్లీసెకన్లకు ఒకసారి, పక్క రేటుకు మాత్రమే మారవచ్చు. డ్రైవ్ టెస్టుకు, అంటే దారి పొడవునా సిగ్నల్ కొలవడానికి, జీపులో ల్యాప్‌టాప్ పెట్టుకుని తిరిగేటప్పుడు తెర మీద మాకు మామూలుగా కనిపించేవి 12.2, 7.4, 5.9, 4.75. ఘాట్‌లో ఒక మలుపు తిరిగే లోపే పై నుంచి కిందికి దిగిపోయేది.

మలుపు తిరగ్గానే మళ్లీ బాగుపడితే వెంటనే పైకి ఎగబాకదా అంటే, ఎక్కదు, కొంచెం ఆగుతుంది. దిగే హద్దు కన్నా ఎక్కే హద్దును ఎత్తులో పెడతారు. లేకపోతే హద్దు దగ్గర తచ్చాడే సిగ్నల్‌కు గొంతు క్షణక్షణానికి మారి చెవికి చికాకు. ఒకే రకంగా మొద్దుగా ఉన్న గొంతుకు చెవి అలవాటు పడుతుంది కానీ, మారుతూ ఉండే గొంతుకు పడదు. ఈ హద్దులు ఎక్కడ పెట్టాలన్నదే ఇంజినీరు పనితనం. మైదానానికి పెట్టిన అంకెలే నల్లమలకూ పెట్టి చేతులు దులుపుకునేవాళ్లను చూశాను.

మీ మాటే పోకపోవడానికి కారణం బలం తేడా. టవర్ దగ్గర ఉన్నంత పవర్ మీ జేబులోని ఫోన్‌కు ఉండదు. 4జీ ఫోన్ గట్టిగా అరిచినా వాటులో ఐదో వంతు. పాత 2జీ ఫోన్‌కు 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో రెండు వాట్ల దాకా ఉండేది. అందుకని ముందు ఓడిపోయేది మీ వైపు దారే. 4.75 కన్నా కిందికి ఏఎంఆర్‌కు రేటు లేదు. అది కూడా నిలవకపోతే ముక్కలు పోతాయి, మీకు నిశ్శబ్దం. నెట్‌వర్క్ మాత్రం ఫోన్ తిరిగి దొరుకుతుందేమోనని కొన్ని సెకన్లు చూసి అప్పుడు కాల్ తెంపుతుంది. మీరు "హలో హలో" అనే టైం అదే.

ప్రశ్న: కురుమూర్తి జాతరలో దుకాణం పెట్టినం. టవర్ కనిపిస్తూనే ఉంది, సిగ్నల్ ఫుల్. అయినా గొంతు పీలగా, ఎవరు మాట్లాడుతున్నదీ తెలియనట్టు ఉండె. (దేవరకద్ర)

జవాబు: అది సిగ్నల్ తక్కువై కాదు, జనం ఎక్కువై. 2జీలో ఒక ఫ్రీక్వెన్సీని ఎనిమిది కాల్స్‌కు పంచుతారు. రద్దీ పెరిగితే ఒక్కరికి ఇచ్చే జాగాలో ఇద్దరిని సర్దుతారు, హాఫ్ రేట్ అంటారు దాన్ని. 456 కాస్తా 228 అయిపోతుంది. అందులో ఏఎంఆర్ ఆరు రేట్లే పడతాయి, అన్నిటికన్నా పెద్దది 7.95. అది ఎంచుకుంటే 159 బిట్లు గొంతుకు పోయి రక్షణకు 69 మాత్రమే మిగులుతాయి, అందుకని కొంచెం అటూ ఇటూ అయినా కిందికి దిగిపోతుంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడి కోసం ఫోన్ చేసేవాడికి లైన్ అసలు దొరకకపోవడం కన్నా ఇది నయం. జాతర అయిపోయి రథం షెడ్డుకు చేరిన తర్వాత కూడా అట్లనే నడిపిస్తే మాత్రం అది పిసినారితనమే.

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమాస్తాను. లారీ నంబర్లు, బస్తాల లెక్క ఫోన్‌లోనే రాసుకుంటాను. ఇరవై అంటే అరవై అని, బి అంటే డి అని, ఎఫ్ అంటే ఎస్ అని రాసి తిట్లు తింటున్నాను. చెవుల డాక్టర్‌కు చూపించుకోవాలా?

జవాబు: ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట సరిగ్గానే వినపడుతుంటే డాక్టర్ అక్కర్లేదు. మామూలు ఫోన్ కాల్ సుమారు 3,400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని అదుర్లు) దగ్గరే ఆగిపోతుంది. స, ఫ లాంటి ఊదే శబ్దాలను వేరు చేసే గాలి చప్పుడు చాలావరకు 4,000 పైన ఉంటుంది. అది అసలు బయలుదేరనే లేదు, మీ చెవి ఏం చేస్తుంది? ఎఫ్, ఎస్ రెండింటికీ ముందున్న "ఎ" ఒక్కటే మీకు చేరుతుంది, మిగతాది మీరే ఊహిస్తున్నారు. ఇది సిగ్నల్ బాగున్నా ఉండే చిక్కు. బి, డి, పి సంగతి వేరు. పెదవులో, నాలుకో విడిపోయే ఆ చిన్న చిటుక్కుమనే క్షణంలోనే వాటి తేడా అంతా ఉంటుంది. అది ఒక 20 మిల్లీసెకన్ల ముక్కలో అటూ ఇటూగా అయిపోతుంది. ఆ ఒక్క ముక్క పోయిందా, తేడా పోయింది.

ఇరవై, అరవై తేడా కూడా మొదటి అక్షరంలోనే ఉంది. ఆ హ్రస్వం పలకడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు, అంటే నాలుగు ముక్కలు. అవి దారిలో పోతే మిగిలేది "రవై". మూడు, ఆరు, ఏడు కూడా అంతే, చివర అన్నీ ఒకేలా మోగుతాయి. మన అంకెల్లో తేడా ముందు, పోలిక వెనక. మాట అందుకునే క్షణంలో ముక్క పోతే పెద్ద చిక్కు.

అందుకని లెక్క చెప్పేవాడిని ముందు "ఆఁ, రాసుకో" అనో ఏదో ఒక మాట అని, ఆ ఊపులోనే అంకె చెప్పమనండి. అరవైని "ఆరు, సున్నా, అరవై" అని రెండు రకాలుగా చెప్పించుకోండి. టీజీ 05 తర్వాత వచ్చే అక్షరాలకు ఏదో ఒక ఊరి పేరు జోడించమనండి. బస్తాల లెక్క మీరు తిరిగి చదివి వినిపించండి. వంద బస్తాల పైన లావాదేవీ అయితే మెసేజ్ పెట్టమని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, ఈసీఈ. ఇంత లెక్క చిన్న ఫోన్‌లో ఎలా అవుతుంది సార్? దీన్ని కనిపెట్టినవాళ్లలో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా? ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

జవాబు: ఉన్నారు తమ్మీ, మామూలుగా కాదు, మూలంలోనే ఉన్నారు. బిష్ణు అటల్ 1933లో కాన్పూర్‌లో పుట్టారు. లక్నోలో, బెంగళూరు ఐఐఎస్సీలో చదివి, 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చేరారు. మాటలో ఇప్పుడు వచ్చిన శాంపిల్‌ను, అంటే ఆ క్షణంలో శబ్దం కొలతను, అంతకుముందు వచ్చిన కొన్ని శాంపిల్స్ నుంచి అంచనా వేయవచ్చనే లీనియర్ ప్రిడిక్షన్‌ను మాట కోడింగులో నిలబెట్టిన ముఖ్యుల్లో ఆయన ఒకరు. ఆ అంచనా గుణకాలే నోటి ఆకారం చెప్పే అంకెలు. ఏఎంఆర్‌లో అవి పది.

1985లో అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి సెల్ప్ అనే పద్ధతి చెప్పారు. దాని కిటుకు ఇది: పంపే ఫోన్ తనే వినే ఫోన్ పని కూడా చేసి చూసుకుంటుంది. కోడ్‌బుక్ అనే నమూనాల పట్టికలో ఉన్న ఒక్కో నమూనాను తీసుకుని, దానితో గొంతు తయారు చేసి, అసలు గొంతుతో పోల్చి, చెవికి తేడా తక్కువ అనిపించేదాన్ని ఎంచి దాని నంబరు మాత్రం పంపుతుంది. అప్పట్లో క్రే-1 సూపర్ కంప్యూటర్ మీద ఒక్క సెకను మాటకు ఈ వెతుకులాట రెండు నిమిషాలకు పైగా పట్టింది. అలాంటిది ఫోన్‌లోకి ఎలా వచ్చిందంటే, చిప్పులు వేగం పెరగడం ఒకటి, వెతికే తీరు మారడం ఇంకొకటి. కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం వాళ్లు కోడ్‌బుక్‌ను దాచిపెట్టుకునే పని లేకుండా చేశారు. 5 మిల్లీసెకన్ల ముక్కలో 40 స్థానాలు ఉంటే, వాటిలో కొన్నిచోట్ల ప్లస్ ఒకటి లేదా మైనస్ ఒకటి పల్స్, అంటే ఒక చిన్న తట్టు, పెట్టడమే. ఎక్కడ పెట్టామో చెబితే చాలు. 12.2 రేటులో 40 స్థానాల్లో పది పల్సులు పెడతారు. 7.4లో నాలుగు. 4.75కు వచ్చేసరికి రెండే. గొంతు ఎందుకు గరగరలాడుతుందో ఈ అంకెల్లోనే ఉంది, నీ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీ ఇదే పెట్టు.

ప్రాజెక్టుగా నిక్షేపంగా తీసుకోవచ్చు. ప్రమాణాలు, సీ భాషలో రాసిన మూల ప్రోగ్రాం 3జీపీపీ వాళ్లే ఉచితంగా పెట్టారు. కోడెక్‌ను కొత్తగా రాస్తానని బయలుదేరకు, సెమిస్టర్ అయిపోతుంది. ఉన్నదాన్ని నడిపి తెలుగు మీద పరీక్షించు. మీ హాస్టల్లో పది మందితో క, ఖ, ప, ఫ, స, శ, ష వచ్చే మాటలు చదివించి రికార్డు చేసి, 12.2లో, 4.75లో పెట్టి, ఏది ఏ మాటో వేరేవాళ్లతో రాయించు. తర్వాత కావాలని ముక్కలు కొన్ని తీసేసి మళ్లీ రాయించు. మక్తల్ వైపు వాళ్ల పలుకుబడి, నల్లగొండ వైపు వాళ్ల పలుకుబడి రెండూ ఉంటే ఇంకా మంచిది. మార్కుల కోసం గ్రాఫులు గీయడం కన్నా ఆ పట్టికలో ఏ అక్షరం ఏ అక్షరంగా మారిందో చూడటంలోనే మజా ఉంది.

ప్రశ్న: ఇద్దరమూ మాట్లాడకుండా ఉన్నప్పుడు ఫోన్‌లో సన్నగా సుయ్‌మని శబ్దం వస్తుంది. ఎవరైనా మా మాటలు వింటున్నారా? (రిటైర్డ్ తెలుగు పండితులు, నల్లగొండ)

జవాబు: మాస్టారూ, ఆ శబ్దం మీ ఫోనే చేస్తోంది, నిశ్చింతగా ఉండండి. మాటల్లో ఒకరు మాట్లాడుతుంటే ఒకరు వింటారు, కాబట్టి ఏ వైపు చూసినా సగం టైం మౌనమే. ఆ మౌనాన్ని కూడా ముక్కలు కోసి పంపితే బ్యాటరీ దండగ, గాలిలో పక్కవాడికి అడ్డం. అందుకని మాట ఆగిందని కోడెక్ కనిపెట్టగానే పంపడం ఆపేస్తుంది. 160 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రం, వెనక ఫ్యాన్ చప్పుడు ఎలా ఉందో 35 బిట్లలో చెబుతుంది. మీ ఫోన్ దాన్ని బట్టి అలాంటి సుయ్‌మనే శబ్దాన్ని పుట్టిస్తుంది. అది లేకుండా పూర్తి నిశ్శబ్దం వదిలితే లైన్ కట్ అయిందనుకుని జనం ఫోన్ పెట్టేస్తారు. దీనికి కంఫర్ట్ నాయిస్ అని పేరు.

ప్రశ్న: మా ఫోన్‌లో హెచ్‌డీ అని గుర్తు వస్తుంది. కొందరితో మాట్లాడితే పక్కన కూర్చున్నట్టే ఉంటుంది, మా అన్నతో మాట్లాడితే పాత గొంతే. (చేనేత కార్మికుడు, గద్వాల)

జవాబు: హెచ్‌డీకి వాడేది ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్, 2001లో వచ్చింది. ఇది 50 నుంచి 7,000 హెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, 6.6 నుంచి 23.85 కిలోబిట్ల దాకా తొమ్మిది రేట్లు. మిర్యాలగూడ గుమాస్తా గారి స, ఫ తగాదా ఇందులో చాలావరకు తీరిపోతుంది. కానీ రెండు ఫోన్లూ, మధ్యలో దారి అంతా అదే కోడెక్ మాట్లాడాలి. మీ అన్న 2జీ ఫోన్ వాడుతుంటే మీ గొంతును మధ్యలో విప్పి, కుదించి, మామూలు కోడెక్‌లో మళ్లీ కడతారు. పోయినది తిరిగి రాదు. కొత్త ఫోన్లలో 2014లో ప్రమాణమైన ఈవీఎస్ అనే ఇంకో కోడెక్ కూడా ఉంటుంది. దానికీ షరతు అదే.

ప్రశ్న: నాగర్‌కర్నూల్‌లో మా ఊరికి పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు వచ్చినప్పుడు బెంగళూరులో ఉన్న మా మనవరాలికి ఫోన్‌లో వినిపించాను. ఏదో గిన్నెలు కొట్టినట్టు వచ్చింది తాతా అన్నది. మైకు దగ్గర పెట్టినా అంతే.

జవాబు: కోడెక్‌కు తెలిసిన ప్రపంచంలో ఒక్కటే వాయిద్యం ఉంది, మనిషి గొంతు. ఒక అదురు, దాని పైన ఒక నోరు, ఇంతే దాని నమూనా. కిన్నెర తీగల్లో ఒకేసారి రెండు మూడు స్వరాలు మోగుతాయి, బుర్రల ప్రతిధ్వని వేరే. ఆ కలగలుపుకు ఒకే గొంతును అంటగట్టాలని చూస్తుంది, కుదరదు, మీ మనవరాలు చెప్పిన చప్పుడు వస్తుంది. ఒక్కోసారి సాగే తీగ శబ్దాన్ని మాట కాదని, వెనక గోల అని పొరబడి అణిచేయడం కూడా ఉంది. వీడియో తీసి పంపండి. వీడియోలో వాడే ఆడియో కోడెక్ సంగీతానికీ పనికొచ్చేలా చేసినదే, అక్కడ కిన్నెర కిన్నెరలాగే వినపడుతుంది.

ప్రశ్న: టవర్‌కు దగ్గరగా పోయేకొద్దీ గొంతు ఇంకా ఇంకా బాగుపడుతుందా? (చిట్యాల)

జవాబు: లేదు. పై రేటు అందుకున్న తర్వాత ఇంకా ఎంత బలమైన సిగ్నల్ వచ్చినా దానితో చేసుకునేది ఏమీ లేదు. మామూలు కాల్‌కు 12.2 దగ్గర ఆగిపోతుంది. కుర్చీ తీసుకుని టవర్ కిందికి పోవద్దు. పైగా యాంటెన్నాలు దూరానికి గురిపెట్టి ఉంటాయి, సరిగ్గా కింద నిలబడితే కొన్నిచోట్ల సిగ్నల్ తక్కువే దొరుకుతుంది.